‘పిట్ట కథలు’: ప్రేమ మాటున పెత్తనం

నాలుగు కథలు, నలుగురు డైరెక్టర్లు. నెట్‌ఫ్లిక్స్ తెలుగులో తీసిన మొదటి ఒరిజినల్ ఇదే. 2021 ఫిబ్రవరి 19న వచ్చింది. శంషాబాద్ నుంచి ఆఫీసుకెళ్లే బస్సులో రోజుకో కథ చొప్పున నేను మళ్లీ చూశా. (హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. పక్క సీట్లో అంకుల్స్ ఉంటారు!)

నన్ను వదలనిది నందినీరెడ్డి తీసిన ‘మీరా’. అమలాపాల్ రచయిత్రి, జగపతిబాబు అనుమానపు మొగుడు. అతను అరిచినప్పటికన్నా మామూలుగా మాట్లాడుతున్నప్పుడే నాకెక్కువ భయమేసింది. మా ఎయిర్‌పోర్టు అరైవల్స్ దగ్గర రోజూ వినపడే ఫోన్లే చూడండి. ‘దిగావా?’ అంటే ప్రేమ. ‘పక్క సీట్లో ఎవరు? ఫొటో పెట్టు’ అంటే? లైవ్ లొకేషన్ ఇవ్వకపోతే అలిగేవాళ్లు మా బ్యాచ్‌లోనూ ఉన్నారు. దాన్ని కేరింగ్ అనుకుని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. మీరా కథ వాళ్లకి పంపాలనిపించింది, పంపా కూడా. ఇద్దరు బ్లూ టిక్‌తో సరిపెట్టారు.

తరుణ్ భాస్కర్ ‘రాముల’లో ప్రేమించినోడు చేయిస్తే ఆ పిల్ల ఓ లీడరక్క దగ్గరికెళ్తుంది. మంచు లక్ష్మి చేసిన ఆ స్వరూపక్కకి రాముల కష్టం కన్నా తన రాజకీయమే ముఖ్యం. తెలంగాణ యాస మాత్రం అచ్చం మా వీధిలో విన్నట్టే ఉంది.

సంకల్ప్ రెడ్డి ‘పింకీ’లో ఈషా రెబ్బా, సత్యదేవ్ బాగా చేశారు గానీ కథ సగంలో ఆగిపోయినట్టుంది. నాగ్ అశ్విన్ ‘ఎక్స్‌లైఫ్’లో వర్చువల్ లోకం, ప్రేమంటే మర్చిపోయిన మనుషులు. శృతిహాసన్ ఉంది, ఐడియా పెద్దది, టైమే చాల్లేదు.

అన్నీ చూసే ఓపిక లేకపోతే ‘మీరా’, ‘రాముల’ చూడండి చాలు.