రాయిలో పుట్టి ఎముకలో చేరేది

మంత్రాలయంలో తెల్లవారుజామున తుంగభద్రలో మునిగి వచ్చిన భక్తులు తడిబట్టలతోనే బృందావనం వైపు నడుస్తారు. నడుము వంచి నేలను తాకుతారు. తల దించి దణ్ణం పెట్టుకుంటారు. చేతులు పైకెత్తి మొక్కుతారు. కీళ్లు బాగున్నవాళ్లకు ఇవన్నీ ఆలోచన లేకుండా జరిగిపోయే కదలికలు.

ఫ్లోరోసిస్‌ను పసిగట్టడానికి ఊళ్లలో చేయించే పరీక్షలూ ఇంచుమించు ఇలాంటివే. మోకాళ్లు వంచకుండా నేలమీది నాణెం తియ్యమంటారు. గడ్డం ఛాతీకి ఆనించమంటారు. రెండు చేతులూ తల వెనక పెట్టుకోమంటారు. ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకున్న మనిషికి మెడ, నడుము, భుజాలు బిగుసుకుపోయి ఈ మూడూ కష్టమవుతాయి. ఇవి చేయలేకపోతే ఫ్లోరోసిసే అని తేల్చరు గానీ అనుమానించి, నీళ్లూ మూత్రమూ పరీక్షకు పంపుతారు.

ఆ ఫ్లోరైడ్ ఎక్కడిదో తెలియాలంటే కాళ్ల కింది బండను చూడాలి. మంత్రాలయం చుట్టుపక్కల ఉన్నది గ్రానైట్, నైస్ శిలల నేల; వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. ఇలాంటి రాళ్లలో అపటైట్, బయొటైట్ వంటి ఖనిజాలుంటాయి. పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు వాటిలోని ఫ్లోరైడ్‌ను కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయినచోట ఈ బెడద ఎక్కువ. అదే తూర్పున బేతంచెర్ల, బనగానపల్లె వైపు వెళితే నాపరాళ్ల సీమ, అంటే సున్నపురాయి. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగున దించేస్తుంది. అందుకే 2022 దాకా ఒకే జిల్లాగా ఉన్న ఈ ప్రాంతంలో ఒక ఊరి నీళ్లకూ మరో ఊరి నీళ్లకూ ఇంత తేడా.

మన దేశంలో ఈ జబ్బు చరిత్రకు మొదటి అధ్యాయం తెలుగు నేలదే. 1930ల మొదట్లో నాటి నెల్లూరు జిల్లాలో రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు అక్కడి మనుషుల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ పరిశోధన జరిగిన దర్శి, పొదిలి ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి తిరిగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు.

భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అయితే లెక్క అక్కడితో ఆగదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి 4 మిల్లీగ్రాములు చేరతాయి. అదే బోరు నీళ్లు తాగుతూ మే నెల ఎండలో మట్టి తవ్వే కూలీ అయిదు లీటర్లు తాగితే 10 మిల్లీగ్రాములు. ఎండ ముదిరేకొద్దీ తాగే నీళ్లు ఎంత పెరుగుతాయో 1957లోనే గలగన్, వెర్మిలియన్ అనే అమెరికా పరిశోధకులు సూత్రం కట్టారు. అయితే ఆ సూత్రంలో ఎండకే లెక్క ఉంది; ఒళ్లొంచి చేసే పనికి లేదు.

వంటింట్లో దొరికిన ఆధారం ఒకటుంది. పోషకాహార సంస్థకే చెందిన ఖందారే బృందం కొద్దిమంది బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు తినిపించింది. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రకటించింది. పులుసు తాగితే జబ్బు నయమవుతుందని దీని అర్థం కాదు. వంకర తిరిగిన ఎముకను మళ్లీ నిటారు చేసే మందు ఇంతవరకు లేదు. మంచినీళ్లు పోయడం, పాలు, ఆకుకూరలతో కాల్షియం అందించడం, ఇవే ఇప్పటికి మనకున్న రక్షణ. పిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేసరికి గారపట్టి కనిపిస్తే ఆ ఇంటి నీళ్లను వెంటనే పరీక్షించాలి.

పరీక్ష కష్టమేమీ కాదు. జలజీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు కిట్లిచ్చి నేర్పుతున్నారు. గాజు గొట్టంలో కొలిచిన బోరు నీళ్లు పోసి, జిర్కోనియం కలిసిన మందు చుక్కలు వేసి కలిపితే నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయి. ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ ఆ గులాబి పాలిపోయి పసుపులోకి దిగుతుంది. గొట్టాన్ని రంగుల కార్డు పక్కన వెలుతురులో పట్టుకుని, ఏ గడితో సరిపోయిందో చూసి, బోరు పేరు పక్కన అంకె రాసుకుంటారు.