వ్రేలిముద్రను వినెడి అద్దము

పట్టిసీమ వద్ద గోదావరి నడుమ కొండపై వీరభద్రేశ్వరస్వామి ఆలయము కలదు. మహాశివరాత్రికి యాత్రికులు వేలకొలది రేవున స్నానము చేసి, పడవలమీద ఏటిని దాటి స్వామి దర్శనమునకు పోవుచుందురు. ఆ రేవులో తల ముంచినవారికి ఒక చిన్న వింత తెలిసియే యుండును. గట్టుమీద నిలిచిన తోడివాడు ఎంత బిగ్గరగా పిలిచినను ఆ పిలుపు నీటి అడుగున సన్నగిలిపోవును. కాని దూరమున పోవుచున్న లాంచీ ఇంజను చప్పుడు చెవి ప్రక్కనే ఉన్నట్లు వినవచ్చును.

కారణ మేమి? గాలిలో పుట్టిన ధ్వని నీటి ఉపరితలమును తాకగానే దాని శక్తిలో 1000కి 999 పాళ్లు వెనుకకు తిరిగిపోవును. నీటిలోనే పుట్టిన ధ్వనికి అట్టి హద్దు దాటవలసిన పని లేదు. ఈ ఒక్క సంగతి బోధపడినచో, నేటి కొన్ని చేతిఫోనులు వ్రేలిముద్రను ఎట్లు గుర్తించునో, పైన అంటించిన స్క్రీన్ గార్డు ఆ పనిని ఎట్లు చెడగొట్టునో సులభముగా తెలియగలదు. ఫోను తాళము నేడు ఇంటి పెట్టె తాళము వంటిది. దాని వెనుక బ్యాంకు ఖాతాయే ఉన్నది. కనుక ఇది తెలిసికొనదగిన విషయము.

గట్లు, చాళ్లు

సిరాదిండుపై వ్రేలునద్ది కాగితముపై ఒత్తి, భూతద్దముతో చూచినచో, దున్నిన చేనివలె గట్లు, చాళ్లు కనిపించును. ఒక గట్టునుండి ప్రక్క గట్టునకు దూరము సుమారు అర మిల్లీమీటరు. వ్రేలిని అద్దముపై ఆనించినపుడు గట్లు అద్దమును తాకును. చాళ్లలో గాలి నిలిచిపోవును. ఈ భేదమును కొన్ని ఫోనులు వెలుతురుతోను, కొన్ని విద్యుత్తుతోను కనిపెట్టును. మూడవ రకమువి ధ్వనితో కనిపెట్టును.

ఈ మూడవ రకములో తెర అద్దము క్రింద ఒక పలుచని పొర అమర్చబడి యుండును. విద్యుత్తు తగిలిన కంపించుటయు, కంపము తగిలిన విద్యుత్తును పుట్టించుటయు దాని గుణము. పీడన విద్యుత్తు అనబడు ఈ గుణమును 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు స్ఫటికములలో కనుగొనిరి. ఫోనులో ఈ పొర సెకనుకు సుమారు కోటిసార్లు కంపించి ధ్వనిని పుట్టించును. మన చెవి సెకనుకు 20,000 కంపములకు మించిన ధ్వనిని వినలేదు. కనుక దీనిని అతిధ్వని అందురు.

ఆ ధ్వని అద్దము గుండ పైకి పోయి, వ్రేలిని తాకి, ప్రతిధ్వనిగా తిరిగి వచ్చును. ఎంత తిరిగి వచ్చునన్నది రెండు పదార్థముల ధ్వని అవరోధములపై ఆధారపడును. సాంద్రతను ధ్వనివేగముతో గుణించిన వచ్చునదే ధ్వని అవరోధము. నీటి అవరోధము 1 అనుకొన్నచో చర్మమునకు రమారమి అంతే యుండును. గాజునకు 8 లేక 9. గాలికి సుమారు 3,500వ వంతు మాత్రమే. హద్దుకు రెండు ప్రక్కల అవరోధములు ఎంత దూరమైనవో, అంత ఎక్కువ ధ్వని వెనుకకు మరలును. గాజునుండి గాలికి పోవలసిన చోట దాదాపు అంతయు తిరిగి వచ్చును. గాజునుండి చర్మమునకు పోవు చోట సుమారు 60 పాళ్లు తిరిగి వచ్చి, 40 పాళ్లు వ్రేలిలోనికి పోవును. అనగా చాలు క్రింద ప్రతిధ్వని బలముగాను, గట్టు క్రింద బలహీనముగాను ఉండును. ఇట్లు చుక్క చుక్కగా విని, ఫోను వ్రేలిముద్ర పటమును గీసికొనును.

నడుమ చొరబడిన గాలి

ఇప్పుడు పైన ఒక టెంపర్డ్ గ్లాసు అంటించితిమి అనుకొందము. కొన్నిటికి అంచుల వెంట మాత్రమే జిగురు ఉండును, నడుమ పలుచని గాలిపొర మిగులును. కాగితపు మందములో పదవ వంతు గాలి యున్నను చాలును. ధ్వని అక్కడనే వెనుదిరుగును, వ్రేలిని చేరనే చేరదు. పట్టిసీమ రేవులో గట్టుమీది పిలుపునకు పట్టిన గతియే దీనికిని పట్టును.

స్కానింగు తీయు వైద్యుడు ముందుగా పొట్టపై జెల్లీ పూయుట పలువురు చూచియే యుందురు. యంత్రమునకును చర్మమునకును నడుమ గాలి లేకుండ చేయుటయే దాని ప్రయోజనము. అట్లే తెరయంతటను బుడగ లేకుండ జిగురు పరచిన గార్డులు ధ్వనిని పోనిచ్చును. పలుచని ప్లాస్టిక్ పొర గట్టిగా అంటుకొన్నచో కొంత నష్టముతో పని జరుగును.

క్రమాంకన మనగా నేమి?

గాలి లేకున్నను మరియొక చిక్కు కలదు. గాజులో ధ్వని సెకనుకు సుమారు 5,500 మీటర్లు పోవును. మిల్లీమీటరులో మూడవ వంతు మందము గల గార్డు అంటించినచో, పోయి వచ్చుటకు సెకనులో కోటివ వంతు కంటె కొంచెము ఎక్కువ ఆలస్యమగును. అది స్వల్పమే. కాని సెన్సారు ప్రతిధ్వనిని సరిగా ఒక క్షణమున వినుటకు అమర్చబడినది. ఆ క్షణము తప్పిన పటము మసకబారును.

ఇదిగాక, వ్రేలు లేనపుడును పొరపొర నుండి ప్రతిధ్వనులు వచ్చుచునే యుండును. త్రాసులో సరుకు వేయకముందు ఖాళీ గిన్నె బరువును తీసివేసినట్లు, సెన్సారు ఆ ఖాళీ ప్రతిధ్వనిని ముందుగా గుర్తుంచుకొని తరువాత తీసివేయును. ఎంతసేపు ఆగి వినవలెనో, ఎంత తీసివేయవలెనో సరిచూచి స్థిరపరచుటయే క్రమాంకనము. గార్డు మార్చుట గిన్నె మార్చుట వంటిది. పాత గిన్నె లెక్కతో క్రొత్త గిన్నెలో తూచినచో తూకము తప్పును గదా.

2019 నాటి పాఠము

సాధారణముగా ఈ తప్పు వలన యజమానికే తలుపు తెరచుకొనదు. అది విసుగు మాత్రమే. దీనికి విపరీతము 2019లో జరిగినది. ఆ యేడు అమ్మకమునకు వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్10 ఫోనునందు అతిధ్వని సెన్సారు కలదు. కొన్ని సిలికాన్ తొడుగులు వేసినపుడు, నమోదు కాని వ్రేలికిని ఆ ఫోను తెరచుకొనుచున్నదని అక్టోబరులో బయటపడెను. ఆ తొడుగుల ఎత్తుపల్లపు నమూనాను సెన్సారు వ్రేలిముద్రగా గ్రహించినదని ఆ సంస్థ తెలిపెను. తొడుగు ఉండగా ముద్ర నమోదు చేసినచో, తాళమునకు చెవిగా నిలిచినది యజమాని వ్రేలు కాదు, తొడుగే. అందుపై ఎవరు నొక్కినను అదే చెవి. దక్షిణ కొరియాలోని కాకావ్ బ్యాంకు, లోపము సవరింపబడు వరకు వ్రేలిముద్ర వాడవలదని ఖాతాదారులకు చెప్పెను. సవరణ ఆ నెలలోనే వచ్చెను. అంతవరకు తొడుగు తీసివేసి, పాత ముద్రలన్నియు చెరిపి, మరల నమోదు చేయుమని సంస్థ కోరెను.

చేయదగినది

అతిధ్వని సెన్సారు గల ఫోనునకు, దానికి తగినదని తయారీదారు చెప్పిన గార్డునే అంటించవలెను. బుడగలు లేకుండ చూడవలెను. అంటించిన పిమ్మట పాత ముద్రలు తొలగించి, వ్రేలిని మరల నమోదు చేయవలెను. చివరి పరీక్షను సెల్ షాపులో సాధారణముగా ఎవరును చేయరు, కాని అదియే ముఖ్యము. నమోదు కాని వ్రేలితో, ఇంటిలో మరియొకరి వ్రేలితో నొక్కి చూడవలెను. తన వ్రేలికి తెరచుకొనుట తాళమునకు సగము గుణమే. పరాయి వ్రేలికి తెరచుకొనకుండుట రెండవ సగము.

తరగతిలో ఈ సూత్రమును చూపుటకు ఖరీదైన ఫోను అక్కరలేదు. విద్యార్థి బల్లపై చెవి ఆనించి, రెండవ కొనను మరియొకరిచే గోటితో మెల్లగా గీయించవలెను. గీత స్పష్టముగా వినవచ్చును. చెవిని అంగుళము పైకెత్తినచో ఆ చప్పుడు చాలవరకు మాయమగును. నడుమ వచ్చినది అంగుళము గాలి మాత్రమే.