ట్యూలిప్ పూలు: ఎన్ని రకాలు, ఏ తోటకు ఏవి?

మా ఇంట్లో గడ్డ అంటే ఎర్రగడ్డే. కర్నూలు జిల్లాలో మూడు తరాలుగా మేము పండించేది అదే. అటువంటి ఇంటికి నేను రెండేళ్ల క్రితం పార్సిల్లో పది ట్యూలిప్ గడ్డలు తెప్పించాను. ఖరీదు 450 రూపాయలు. సంచి మీద ‘రకరకాల రంగులు’ అని ఉంది గాని, ఏ రకమో లేదు. అక్టోబరులో కుండీలలో నాటాను. ఆకులు బాగానే వచ్చాయి. ఒక గడ్డ కుళ్లింది. ఎనిమిదింటిలో మొగ్గ లోలోపలే ఎండిపోయింది. మిగిలిన ఒక్కటీ కాడ లేకుండా, మట్టికి ఆనుకుని, రెండాకుల మధ్య విచ్చుకుంది. మా నాయన వంగి చూసి, “ఏందిరా ఇది, కూర్చున్న పువ్వు?” అన్నాడు.

ఆ పువ్వు ఎందుకు కూర్చుందో తెలుసుకోబోయి ఈ రకాల సంగతి తెలుసుకున్నాను.

ట్యూలిప్ అనగానే అందరూ హాలండ్ అంటారు. అది దాని మెట్టినిల్లు. పుట్టినిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీర్ కొండలు. అక్కడ చలికాలమంతా మంచు, తరువాత కొద్దినాళ్ల వసంతం, ఆపైన ఎండి మాడే వేసవి. ట్యూలిప్ గుణాలన్నీ ఆ వాతావరణం నేర్పినవే. వేసవిలో మొక్క పైన మాయమై గడ్డగా మిగులుతుంది (మా బోటనీ పుస్తకంలో దీనిని లశునం అంటారు). పైకి నిద్రపోతున్నట్లున్నా, వచ్చే ఏటి పువ్వు ఆ వేసవిలోనే గడ్డ లోపల రూపు కడుతుంది. అయితే ఆ పువ్వును మోసే కాడ సాగాలంటే 12 నుంచి 16 వారాలపాటు సుమారు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. చలి తగలని గడ్డకు పువ్వు ఉంటుంది, కాడ ఉండదు. మా కుండీలో జరిగింది ఇదే. చిత్రమేమంటే ఎర్రగడ్డకూ చలి తగిలితేనే పూకాడ లేస్తుంది. కాకపోతే అది లేస్తే మాకు నష్టం, ఇది లేవకపోతే నష్టం!

లంబసింగిలో నాటితే రాదా అని హాస్టల్లో ఒక మిత్రుడు అడిగాడు. అక్కడ కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి ఉంటుంది, నిజమే. కాని పగలు మళ్లీ ఎండ కాస్తుంది. గడ్డకు కావలసింది మూడు నెలలపాటు వదలని చలి.

ఇక రకాలు. హాలండ్‌లోని గడ్డల పెంపకందార్ల సంఘం సాగు ట్యూలిప్‌లను చాలాకాలం పదిహేను తరగతులుగా లెక్కించింది. అన్నీ ఏకరువు పెడితే పరీక్ష జవాబులా ఉంటుంది. తోట పెట్టేవారు ముందు చూడవలసింది పూతకాలం. ‘సింగిల్ ఎర్లీ’, ‘డబుల్ ఎర్లీ’ ముందు పూస్తాయి. పొట్టి కాడలు కనుక గాలికి నిలుస్తాయి, కుండీలకు నప్పుతాయి. నడుమ వచ్చేవి ‘ట్రయంఫ్’, ‘డార్విన్ హైబ్రిడ్’. ట్రయంఫ్ అంటే ముందు పూసే వాటిని, ఆలస్యంగా పూసే వాటిని కలిపి తీసిన సంకరం. గట్టి కాడ, గిన్నెలాంటి పువ్వు. పూల దుకాణాల్లో ఎక్కువగా కనబడేది ఇదే. చివర వచ్చేవి ‘సింగిల్ లేట్’. నల్లగా కనిపించే ‘క్వీన్ ఆఫ్ నైట్’ వీటిలోదే. నిజానికి అది నలుపు కాదు, ముదురు వంగపండు రంగు. మూడు కాలాలవీ కలిపి నాటితే తోట నెల రోజులు నిండుగా ఉంటుంది. ఒకే రకం నాటితే పది పన్నెండు రోజుల పెళ్లిసందడే.

నా ఓటు మాత్రం డార్విన్ హైబ్రిడ్‌కే. పాత డార్విన్ రకాలను ఫాస్టేరియానా అనే కొండజాతితో కలిపి లెఫెబర్ అనే డచ్చి పెంపకందారు వీటిని తీశాడు. ‘అపెల్‌డోర్న్’ అనే ఎర్ర రకం 1951 నాటిది. వీటిలో చాలావరకు త్రయస్థితికాలు, అంటే క్రోమోజోముల సమితులు రెండుకు బదులు మూడు ఉంటాయి. మనం తినే అరటికి విత్తనం లేకపోవడానికి కారణమూ అదే. విత్తనం కట్టే పని లేదు, మొక్క బలంగా ఎదుగుతుంది. అనువైన చల్లని నేలలో ఏటేటా తిరిగి పూస్తుంది. మిగతా సంకరాలలో చాలా వాటికి మొదటి ఏడే గొప్ప.

అందానికైతే ‘లిల్లీ ఫ్లవర్డ్’. నడుము సన్నగా, రేకుల కొసలు సూదిగా బయటికి వంగి ఉంటాయి. టర్కీ సుల్తానులకు సూదిరేకుల పువ్వంటేనే మోజు. మూడవ అహ్మద్ కాలంలో 1718 నుంచి 1730 వరకు గడిచిన కాలానికి అక్కడి చరిత్రలో ‘ట్యూలిప్ యుగ’మనే పేరు. ‘పారట్’ రకానికి రేకులు చిలక ఈకల్లా చీలి మెలికలు తిరుగుతాయి. చూడ ముచ్చటే గాని తల బరువు, ఒక గాలివానకు నేలపాలు.

ఒక తరగతి కథ మాత్రం రైతుబిడ్డగా నన్ను ఆపేసింది. తెల్లని రేకుల మీద ఎర్రని మంటల్లాంటి చారలున్న ‘సెంపర్ అగస్టస్’ వంటి గడ్డల కోసం హాలండ్‌లో జనం ఎగబడ్డారు. మా దగ్గర చేను మీదే బేరం కుదుర్చుకున్నట్లు, నేలలో ఉన్న గడ్డలను కాగితాల మీద కొన్నారు, అమ్మారు. 1637 ఫిబ్రవరిలో ధర కూలింది. ఇంతకూ ఆ చారలేమిటి? తెగులు! గడ్డ నుంచి గడ్డకు ఇది అంటుకుంటుందని 1928లో ఇంగ్లండులో డొరొతీ కేలీ నిరూపించింది. అది వైరస్. దానిని మోసేది పేనుబంక. మిరపచేలో మేము మందు కొట్టేది ఆ పురుగుకే. తెగులు సోకిన గడ్డ నీరసించి తక్కువ పిల్లలు పెడుతుంది. అందుకే కొరత, అందుకే ధర. ఇప్పుడు ‘రెంబ్రాండ్’ పేరుతో అమ్మే చారల పూలకు తెగులు లేదు, అవి వంశపారంపర్యంగా వచ్చిన చారలు.

సంకరాలు కాక అడవిజాతులున్నాయి. చిన్న పూలు, ఖర్చు తక్కువ, నచ్చిన చోట ఏళ్ల తరబడి ఉంటాయి. ‘క్లూసియానా’ ఇరాన్ నుంచి మన పశ్చిమ హిమాలయాల దాకా కనబడుతుంది, మిగతావాటికంటే తక్కువ చలితో సరిపెట్టుకుంటుంది. కాశ్మీరులో పాతకాలపు మట్టికప్పుల మీద కూడా ట్యూలిప్‌లు మొలిచేవి. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద 2007లో ఏర్పడిన తోట మాత్రం సంకరాలది. 2023లో అక్కడ 68 రకాలు, 15 లక్షల పూలు.

రెండో ఏడు రకం పేరు అడిగి మరీ పది అపెల్‌డోర్న్ గడ్డలు తెప్పించి, సెప్టెంబరు నుంచి 14 వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటాను. నాలుగు నిలబడి పూశాయి, మా ఎండకు నాలుగు రోజులున్నాయి. మిగతా ఆరు మొగ్గలోనే మాడాయి. కారణం దసరాకు తెచ్చి అదే ఫ్రిజ్‌లో పెట్టిన ఆపిల్ పండ్లు. మాగే పండు విడిచే ఇథిలిన్ వాయువు గడ్డలోని పువ్వును చంపేస్తుంది.

ఎర్రగడ్డ ధర పడిపోయి మూటలు గట్టునే వదిలేసిన ఏడు అది. నాయన ఆ నాలుగు పూలను చూసి, “ఎకరాకు ఎన్ని పడతాయిరా?” అన్నాడు. నవ్వులాటకు అడగలేదు. అడుగుకు అడుగు జాగాలో నాలుగు గడ్డలు, ఎకరా 43,560 చదరపు అడుగులు. 1,74,240 గడ్డలు. గడ్డ 45 రూపాయల చొప్పున 78 లక్షల పైమాట. పైగా తల్లిగడ్డ పూయగానే హరించుకుపోతుంది, మిగిలే పిల్లగడ్డలు మా వేడిలో గోలీలంతకు మించవు. విత్తనం నుంచైతే పూతకు ఐదు నుంచి ఏడేళ్లు. “అన్ని దుడ్లుంటే భూమే కొందుము గదరా” అని నాయన లేచి చేనికి పోయాడు.

ఈసారి ఐదు క్లూసియానా గడ్డలు ఫ్రిజ్‌లో పెట్టి కాలేజీకి వచ్చాను. కింది అరలో పండ్లు పెట్టొద్దని అమ్మకు రెండుసార్లు చెప్పాను.