సరైన పేరు, సరైన సాయం

దివ్య ఖుర్ఆన్‌లో 'అబస' సూరా ప్రారంభ ఆయతులు ఒక అంధ సహాబీ విషయంలో అవతరించాయి. ఆయనే హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఆయన కూడా మదీనాలో అజాన్ పలికేవారు. ఒకరినొకరు కించపరిచే పేర్లతో పిలుచుకోవడాన్ని 'హుజురాత్' సూరా (49:11) నిషేధించింది.

అయినా మన వీధుల్లో 'మూగోడు', 'మొద్దు', 'పిచ్చిది' అనే మాటలు వింటూనే ఉన్నాం. ఇవి మనసు నొప్పించడమే కాదు, బిడ్డ అవసరాన్ని కూడా మరుగుపరుస్తాయి. మూగ అనుకునే పిల్లల్లో చాలామందికి గొంతు బాగానే ఉంటుంది. చెవి వినబడక మాట నేర్వలేదు, అంతే. వారికి కావలసింది వినికిడి పరీక్ష, చెవి మిషను, సైగల భాష. 'మొద్దు' అనిపించుకునే పిల్లవాడికి తెలివి ఉండీ అక్షరాలు తికమకపడే డిస్లెక్సియా ఉండవచ్చు. బుద్ధిమాంద్యం వేరు, మానసిక రోగం వేరు. మొదటిదానికి ప్రత్యేక బోధన ముఖ్యం, రెండోదానికి వైద్యం ముఖ్యం.

1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం, తలసేమియా కూడా వాటిలో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గానీ, ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య వారి హక్కు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు వీరివి. పరీక్షల్లో చెప్పింది రాసేందుకు స్క్రైబ్‌ను ఇస్తారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాల అదనపు సమయం కూడా ఉంది. ప్రత్యేక బోధన, ఫిజియోథెరపీ కోసం సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి.

ఈ సౌకర్యాల్లో చాలావాటికి తాళంచెవి సదరం సర్టిఫికెట్. దాని కోసం ఐరాల నుండి చిత్తూరు ఆసుపత్రికి బిడ్డను తీసుకెళ్లాలంటే కూలి తల్లిదండ్రులకు బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. ఒక్క తిరుగుడుతో పని కాకపోతే చాలామంది అక్కడితో మానుకుంటారు. బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది.

దాతలు వీల్‌చైర్లు ఇస్తున్నారు, సంతోషం. వాటితో పాటు ఈ దారి ఖర్చులకూ, పోయిన కూలీకీ, వెంట వెళ్లే మనిషికీ కొంత కేటాయించమని కోరుతున్నాము. అర్హులైన పేద కుటుంబాలకు జకాత్ నుండీ, మిగిలినవారికి సదఖా నుండీ ఇవ్వవచ్చు. మీ వీధిలో బడికి రాని బిడ్డ ఉంటే మాకు కబురు చేయండి.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.