సర్కారు సహాయధనము: పట్టాదారునిదా, దున్నువానిదా?

ధరలు పడిపోయినప్పుడు సర్కారువారు రైతులకు సహాయధనము నిచ్చుట మంచిదే. కాని సొమ్ము గ్రామమునకు చేరినంత మాత్రమున దున్నువానికి చేరినట్లు కాదు. అది ఎవరి పేర వచ్చుచున్నదో, ఆ పేరును నిర్ణయించువా రెవరో విచారింపవలెను. ఈ విషయమున అమెరికాలోని యొక కౌంటీ చరిత్ర మన రైతులు తెలిసికొనదగినది.

ఆర్కన్సా రాష్ట్రమున, మిసిసిపీ నదికి పడమటనున్న పల్లపు భూములలో పాయిన్సెట్ కౌంటీ కలదు. కౌంటీ యనగా మన తాలూకా, జిల్లాల వంటి పరిపాలనాభాగము. 1930 ప్రాంతమున అచ్చట పెద్ద భూస్వాముల ప్రత్తి చేలను కోరుకౌలుదారులు సాగుచేయుచు, పంటలో పాలు తీసికొనుచుండిరి. 1929లో పౌండు ప్రత్తి 16 సెంట్లకు పైగా అమ్ముడుపోగా, 1931లో ధర 6 సెంట్లకు లోబడెను.

అంతట 1933 మే నెలలో అమెరికా ప్రభుత్వము వ్యవసాయ సర్దుబాటు చట్టమును చేసెను. పంట తగ్గినచో ధర పెరుగునని దాని భావము. ఆ యేడు దాదాపు 1 కోటి యెకరముల ప్రత్తిని ఎదుగుచుండగనే దున్నివేయించిరి. 1934, 1935 సంవత్సరముల ఒడంబడికలో, విత్తక విడిచిన భూమికి పౌండు 1కి 4½ సెంట్ల చొప్పున లెక్కకట్టి సొమ్ము నిచ్చిరి. అందు భూస్వామికి 4 సెంట్లు, కోరుకౌలుదారునకు అర సెంటు మాత్రమే!

సాగు తగ్గినందున కౌలుదారుల యవసరమును తగ్గెను. వీలైనంతవరకు మామూలు సంఖ్యలో కౌలుదారుల నుంచవలెనని ఒడంబడికలో నియమము లేకపోలేదు. కాని "వీలైనంతవరకు" అను నొక్క మాట ఆ నియమమును నీరుగార్చెను. ఫిర్యాదులను వినవలసిన స్థానిక సంఘములలో భూస్వాములదే పెత్తనము. అనేక కుటుంబములు గుడిసెలను ఖాళీచేసి వెడలవలసివచ్చెను.

1934 జూలైలో ఆ కౌంటీలోని టైరన్జా గ్రామమునొద్ద తెల్లవారు 11 మంది, నల్లవారు 7 గురు కూడి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించిరి. జాతిభేదము ప్రబలియున్న ఆ ప్రాంతమున అది సాహసకార్యమే. 1935 ఫిబ్రవరిలో, ఉన్న కౌలుదారులనే యుంచవలెనని నియమమున కర్థము చెప్పిన న్యాయశాఖాధికారులలో పలువురు ఉద్యోగములు కోల్పోయిరి. తుదకు 1938 నాటి చట్టమున, పంటలోని పాలును బట్టియే సహాయధనమును పంచవలెనను నియమము చేరెను. కాని అప్పటికే చాలమంది కౌలుదారులు దినకూలీలైరి.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. 2018లో తెలంగాణమున ప్రారంభమైన రైతుబంధు పథకము, యెకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయల చొప్పున, పట్టాదారు పాసుపుస్తకమును బట్టి సొమ్ము నిచ్చెను. కౌలుదారులు అందు చేరలేదు. ఆంధ్రదేశమున 2011 నాటి చట్టము సాగుదారులకు ఋణార్హత కార్డుల నేర్పరచెను. 2019 నాటి చట్టము 11 నెలల ఒప్పంద పత్రమును నిర్దేశించెను. కాని దానికి యజమాని సంతకము వలయును. సంతకము చేసినచో భూమి పోవునేమోయని యజమాని, అడిగినచో కౌలు పోవునేమోయని కౌలుదారుడు వెనుదీయుదురు.

కావున సంఘ సభ్యులకు మేము చేయు మనవి యిది. కౌలు నోటిమాటగా నుండరాదు, కాగితముపై నుండవలెను. సాగు పత్రము భూమిపై హక్కు నీయదనియు, అప్పు, భీమా, సహాయధనములకే పనికివచ్చుననియు యజమానులకు నచ్చజెప్పుట సంఘముల విధి. పొలములో నెవరు దున్నుచున్నారో సర్కారు కచేరీకన్న గ్రామమునకే బాగుగ తెలియును. ఆ తెలిసిన సంగతిని పుస్తకమున కెక్కించు ధైర్యము గ్రామమునకు లేనిచో, ఎంత మంచి పథకమైనను పట్టాకాగితమునొద్దనే ఆగిపోవును.