కత్తిపిడికి పొన్ను

కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరములు గల ఈ నల్లరేగడి సీమలో కత్తి లేని పల్లెయిల్లు అరుదు. సీమతుమ్మను నఱకి బొగ్గు కాల్చువారికిని, తాటిచెట్లెక్కువారికిని, మేకలకు కొమ్మలు కొట్టువారికిని అదియే జీవనాధారము. కత్తి కొనునప్పుడు మనమందఱము అంచును పరీక్షింతుము. పిడి మొదట నున్న లోహపు కట్టును చూచువారు కొలదిమంది. దానిని తమిళమున 'పూణ్' అందురు. తెలుగున 'పొన్ను' అందురు. రోకలి చివర నుండు కట్టునకును ఇదియే పేరు. దాని ఎంపికను, బిగింపును, మెఱుగును గూర్చి మా విద్యార్థులకు తెలుప నెంచితిమి.

పొన్ను కేవలము అలంకారము కాదు. కత్తి తోక పిడిలోనికి మేకువలె దిగియుండును. ప్రతి వ్రేటునకును అది కఱ్ఱను లోపలినుండి చీల్చజూచును. ఆ చీలికను వెలుపలినుండి అడ్డునది పొన్నే. పొన్ను వదులైనచో పిడి పగులును. పిడి పగిలినచో కత్తి ఊడి ఎగిరిపడును. కొట్టువాని కాలో, ప్రక్కవాని చేయో దానికి గుఱి యగును.

ఇక లోహముల సంగతి. ఇనుము బలమైనది, చౌకైనది. కాని చెమటకు త్రుప్పుపట్టును. రాగి త్రుప్పుపట్టదు గాని మెత్తన. అల్యూమినియము తేలిక గాని త్వరగా సొట్టపడును. స్టెయిన్‌లెస్ స్టీలు మన్నును గాని చేతిపనిముట్లకు సులభముగా లొంగదు. రాగియు, యశదమును కలిసిన ఇత్తడి వీనికి నడిమిది. దానిని సుత్తితో కొట్టినకొలది గట్టిపడి పగులజూచును. అప్పుడు మసక యెఱుపు వచ్చువఱకు కాల్చినచో మరల మెత్తబడును. ఉక్కువలె నీట ముంచినంతనే అది బిరుసెక్కదు. యశదపుపూత గల పాత గొట్టపు ముక్కలను మాత్రము పొన్నుకై కొలిమిలో పెట్టరాదు. ఆ పూత కాలి లేచు తెల్లని పొగ పీల్చినవారికి చలిజ్వరము వచ్చును.

బండిచక్రపు ఇనుపకట్టువలె పొన్నును కాల్చి తొడిగిన చాలునని కొందఱందురు. లెక్క చూతము. ఇత్తడి మీటరు పొడవునకు ఒక్క డిగ్రీ వేడికి సుమారు 0.019 మి.మీ. పెరుగును. 30 మి.మీ. వ్యాసము గల పొన్ను 200 డిగ్రీలు వేడెక్కినను పెరుగునది 0.11 మి.మీ. మాత్రమే. చక్రము పెద్దది గనుక దానికి చాలినది, పొన్నునకు చాలదు. కావున పిడి మొదలును కొంచెము కోసుగా చెక్కి, పొన్నును కొట్టి ఎక్కించుటయే ముఖ్యము.

కఱ్ఱ బాగుగా ఎండియుండవలెను. నల్లతుమ్మ గట్టిది, పిడికి తగినది. కాని పచ్చికఱ్ఱ ఆరినపుడు కుదించుకొని పొన్నును వదలును. వదులైన పిడిని నీట నానబెట్టుట తాత్కాలికోపాయమే. ఉబ్బిన కఱ్ఱ పొన్ను నొత్తిడికి నలిగి, ఆరిన పిమ్మట మునుపటికంటె సన్నబడును. తోకచుట్టు సందులను కరగిన లక్కతో పూడ్చుట మేలు. తడి చేరినచో ఇత్తడి నంటియున్న ఇనుమే ముందుగా త్రుప్పుపట్టును.

తుదిపని మెఱుగు. ముందు ఆకురాయితో పొన్ను అంచుల పదును తీయవలెను. లేనిచో అరచేయి కోసుకొనును. పిమ్మట 120, 240, 400 అంకెల ఉప్పుకాగితములతో వరుసగా రుద్దవలెను. ఒక కాగితముతో నిలువుగా రుద్దినచో, తరువాతిదానితో అడ్డముగా రుద్దవలెను. అప్పుడు మునుపటి గీతలన్నియు పోయినవో లేవో తేటగా తెలియును. మసకబారిన ఇత్తడిపై చింతపండు రుద్దినచో అందలి ఆమ్లము మాలిన్యమును కరగించును. ఆ పులుపు ఇనుమునకు సోకకుండ వెంటనే కడిగి, తుడిచి, నూనె పూయవలెను. పనికత్తికి అద్దమువంటి నిగనిగ అక్కఱలేదు. చేతికి నునుపు చాలును.

ఆయుధపూజకు కత్తిని కడిగి బొట్టుపెట్టునప్పుడు, పెద్దల యెదుట అంచునకు మందపు గోనెగుడ్డ చుట్టి, పొన్నును వ్రేళ్లతో త్రిప్పి చూడుడు. ఏమాత్రము కదలినను, ఆ కత్తిని పనికి పంపక కమ్మరివద్దకు పంపుడు.