నాన్న బస్సు.. డబ్లిన్ పాఠం

డబ్లిన్‌లో మాస్టర్స్ అనగానే ఊళ్లో అందరూ ‘ఐటీనా?’ అంటారు. కాదు, మేనేజ్‌మెంట్. వ్యాపార వ్యూహానికి సంస్థ నిర్మాణం, సామర్థ్యాలు ఎలా తోడ్పడతాయన్నది మా ముఖ్యమైన సబ్జెక్టు. ‘దానికి ఐర్లాండ్ దాకా వెళ్లాలా అమ్మా?’ అన్నారు నాన్న. పాతికేళ్లు నరసరావుపేట- హైదరాబాద్ మధ్య రెండు బస్సులు నడిపిన మనిషి మరి! మొదటి సెమిస్టర్‌లో చదివిన ఒక కేసు ఆయన ప్రశ్నకు జవాబిచ్చింది.

అది ర్యాన్‌ఎయిర్ కథ. ఇక్కడి విద్యార్థుల్లో ఆ విమానం ఎక్కనివారు అరుదు. 1985లో వాటర్‌ఫర్డ్ నుంచి లండన్ గాట్విక్‌కు 15 సీట్ల చిన్న విమానంతో మొదలైంది. మరుసటి ఏడాది డబ్లిన్- లండన్ మార్గంలో పెద్ద కంపెనీల ధరలో సగం కంటే తక్కువకే టికెట్ ఇచ్చింది. జనం ఎక్కారు, నష్టాలూ పెరిగాయి. టికెట్ ధర తగ్గించినంత మాత్రాన గట్టెక్కలేమని అప్పుడు తేలింది.

తర్వాత మైఖేల్ ఓలియరీ అమెరికా వెళ్లి సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పనితీరు చూసొచ్చారు. తక్కువ ధరకు తగ్గట్టు సంస్థను మళ్లీ అమర్చారు. 1994 నుంచి బోయింగ్ 737లకు మారారు. ఒకే రకం విమానమైతే పైలట్ల శిక్షణ, విడిభాగాలు, మరమ్మతులు అన్నీ సులువు. దిగిన 25 నిమిషాల్లో మళ్లీ ఎగరాలన్నది లెక్క. పారిస్‌కని టికెట్ కొంటే దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని బోవే ఎయిర్‌పోర్టులో దించుతారు. అలాంటి చోట రద్దీ, రుసుములు తక్కువ కాబట్టే ఆ లెక్క కుదిరింది.

అలాంటి సంస్థకే 2017 సెప్టెంబరులో చుక్కలు కనిపించాయి. పైలట్ల సెలవుల ఏడాదిని ఏప్రిల్- మార్చి నుంచి జనవరి- డిసెంబరుకు మార్చే క్రమంలో డ్యూటీ చార్టు చిక్కుపడింది. వేల విమానాలు రద్దయ్యాయి. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. అన్నేళ్లుగా పైలట్ల సంఘాలను దరిచేరనివ్వని సంస్థ, ఆ డిసెంబరులో వాటిని గుర్తించడానికి ఒప్పుకొంది. విమానాలున్నాయి, టికెట్లు అమ్ముడయ్యాయి. మనుషుల్ని సర్దుకోవడం దగ్గరే బండి ఆగింది.

జే గాల్‌బ్రెయిత్ అనే నిపుణుడు దీన్ని ఐదు కొనల నక్షత్రంలా చూపించారు. వ్యూహం, నిర్మాణం, పని పద్ధతులు, ప్రతిఫలాలు, మనుషులు.. ఒకదాన్ని మారిస్తే మిగతావీ సరిచూసుకోవాలి. క్లాసులో ఆ బొమ్మ వేసుకుంటుంటే నాకు మా మూడో బస్సు గుర్తొచ్చింది.

నేను ఇంటర్‌లో ఉండగా నాన్న అప్పు చేసి ఏసీ స్లీపర్ కొన్నారు. పాత బస్సుల డ్రైవర్ బాబాయే దాన్నీ నడిపాడు. చెయ్యెత్తిన చోటల్లా ఆపి సీట్లు నింపడం ఆయన నైపుణ్యం. ట్రిప్పు కలెక్షన్‌ను బట్టి బత్తా కాబట్టి, ఆపకపోతే ఆయనకే నష్టం. పాత బస్సుల్ని నిలబెట్టిన ఆ అలవాటే స్లీపర్‌ను ముంచింది. పడుకోవడానికి ఎక్కువ డబ్బు కట్టినవాళ్లు, ప్రతి ఊళ్లో లైటు వేసి లేపితే ఊరుకుంటారా? ఏసీ చెడితే బాగుచేయడం మా మెకానిక్‌కు రాదు. ఏడాదిన్నరలో బస్సు అమ్మేశాం, అప్పు మిగిలింది. నాన్న తప్పంతా బాబాయ్ మీద వేసి ఆయన్ని మానిపించేశారు. నేనూ అదే నిజమనుకున్నాను.

అసైన్‌మెంట్‌కు మా బస్సు కథే రాశాను. ఆ ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకు తెలుగులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ‘అయితే బత్తా పద్ధతి మార్చాల్సింది నేనన్నమాట’ అన్నారు. నేనేమీ అనలేకపోయాను.

వారం తర్వాత అమ్మ చెప్పింది, నాన్న బాబాయ్ ఇంటికి వెళ్లొచ్చారట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. కొత్తగా ఇక్కడికొచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక్కమాట. ఇక్కడి పాఠాన్ని మన ఇంటి కొట్టు, పొలం, బండి పక్కన పెట్టి చదవండి. పరీక్షకే కాదు, ఇంటికీ పనికొస్తుంది.